అరెస్టు రికార్డులు: వెతకడం, చదవడం, వాడటం

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



అరెస్టులు, నేర రికార్డులను ఇంటర్నెట్‌లో ఎలా వెతకాలో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఈ అవసరం ఎందుకొచ్చిందో మనందరికీ తెలుసు. మన సంఘాల దగ్గరికి వచ్చే స్త్రీలు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. "నిన్న రాత్రి మావాణ్ణి పోలీసులు తీసుకెళ్ళారమ్మా, ఏ స్టేషన్లో పెట్టారో ఎవరూ చెప్పడం లేదు" అని ఒక తల్లి వస్తుంది. "కేసు పెట్టి ఏడాదయింది మేడమ్, అది ఏమయిందో తెలీదు" అని భర్త హింస భరించలేక ఫిర్యాదు చేసిన భార్య వస్తుంది. "మా అమ్మాయికి సంబంధం వచ్చింది, అబ్బాయి అమెరికాలో ఉంటాడు, అతని మీద కేసులేమన్నా ఉన్నాయేమో చూస్తారా" అని మూడో కుటుంబం వస్తుంది.

మూడింటికీ జవాబు ఏదో ఒక రికార్డులో ఉండవచ్చు. కాని ఆ మూడు రికార్డులు వేర్వేరు. మొదటిది పోలీసుల అరెస్టు రికార్డు. రెండోది ఎఫ్.ఐ.ఆర్.తో మొదలై కోర్టులో ముగిసే రికార్డు. మూడోది మరో దేశపు రికార్డు. వీటిని వెతకడం ఒక పూటలో నేర్చుకోవచ్చు. దొరికిన దాన్ని సరిగ్గా చదవడం, దానితో ఎవరికీ అన్యాయం జరగకుండా వాడటం ఇంకా కష్టమైన పని. అందుకే ముందు ఈ రికార్డులు ప్రజలకు ఎలా అందుబాటులోకి వచ్చాయో చెప్పి, తర్వాత వెతికే పద్ధతిలోకి వెళతాను.

రికార్డు ఎందుకు తెరిచారు?

పోలీసులు ఎవరిని పట్టుకున్నారో ప్రజలకు చెప్పి తీరాలన్న నియమం పోరాటాల వల్ల వచ్చింది. బొంబాయిలో పోలీసు కస్టడీలో స్త్రీలపై జరుగుతున్న హింస గురించి జర్నలిస్టు షీలా బర్సే సుప్రీంకోర్టుకు రాసిన లేఖపై 1983లో తీర్పు వచ్చింది. స్త్రీలకు వేరే లాకప్పులుండాలి, కాపలా మహిళా కానిస్టేబుళ్ళే ఉండాలి, అరెస్టు చేసిన వెంటనే న్యాయ సహాయ సంఘానికి తెలియజేయాలి అని అందులో ఆదేశించారు. 1986లో పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సంస్థకు చెందిన డి.కె. బసు లాకప్ మరణాలపై రాసిన లేఖ పదేళ్ళ తర్వాత, 1996 డిసెంబరులో, ప్రసిద్ధమైన పదకొండు ఆదేశాలకు దారితీసింది. అరెస్టు జరిగిన 12 గంటల్లోగా కంట్రోల్ రూముకు సమాచారం ఇవ్వాలి, దాన్ని అందరికీ కనిపించే నోటీసు బోర్డు మీద పెట్టాలి అన్నది అందులో చివరిది. మన రాష్ట్రంలో కూడా ఎమర్జెన్సీ తర్వాత పౌరహక్కుల ఉద్యమం వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్లన్నిటిలోనూ ఉన్నది ఒకే ప్రశ్న: మీరు తీసుకెళ్ళిన మనిషి ఎక్కడ?

2008 చట్టసవరణ ద్వారా ఈ నోటీసు బోర్డు నేర విచారణ స్మృతిలోకి వచ్చింది. 2016 సెప్టెంబరు 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు, ఎఫ్.ఐ.ఆర్. నమోదైన 24 గంటల్లోగా పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని ఆదేశించింది. ఇంటర్నెట్ సదుపాయం సరిగా లేనిచోట ఆ గడువును 72 గంటల వరకు పొడిగించవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 37వ సెక్షను మరో అడుగు ముందుకు వేసింది. ప్రతి పోలీస్ స్టేషనులోనూ, ప్రతి జిల్లాలోనూ ఏ.ఎస్.ఐ.కి తగ్గని ఒక అధికారిని నియమించాలి. అరెస్టయిన వారి పేర్లు, చిరునామాలు, ఆరోపించిన నేరం ఆ అధికారి బాధ్యత. ఆ వివరాలు డిజిటల్ పద్ధతిలోనైనా, మరో పద్ధతిలోనైనా స్పష్టంగా ప్రదర్శించాలి.

ఈ చరిత్ర అంతా గమనిస్తే ఒక విషయం తెలుస్తుంది. అరెస్టుల జాబితాను బయట పెట్టించింది పోలీసుల మీద నిఘా ఉండటం కోసం. ఆ జాబితా రాజ్యం ఏం చేసిందో చెప్తుంది. అందులో పేరున్న మనిషి ఎలాంటివాడో చెప్పడానికి దాన్ని తయారు చేయలేదు. నేను ఈ రోజు చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది.

మొదటి ప్రశ్న: మనిషి ఎక్కడున్నాడు?

కొడుకునో, భర్తనో, కూతురినో తీసుకెళ్ళారని ఎవరైనా వస్తే కంప్యూటర్ ముందు కూర్చునే ముందు మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: ఎన్ని గంటలకు తీసుకెళ్ళారు, ఎక్కడి నుంచి తీసుకెళ్ళారు, వచ్చినవాళ్ళ పేరు బ్యాడ్జీ గాని వాహనం నంబరు గాని ఎవరైనా చూశారా. తర్వాత జరిగే ప్రతి పనికీ ఆ సమయమే ఆధారం. ఎందుకంటే 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలని రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. ప్రయాణ సమయం మాత్రమే దానికి మినహాయింపు.

అప్పుడు రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్‌లో, జిల్లా పోలీసుల పేజీలో అరెస్టు వివరాలు పెట్టారేమో చూడండి. పేరు కనిపిస్తే స్టేషను, క్రైమ్ నంబరు, సెక్షన్లు రాసుకోండి. కనిపించకపోతే మనిషిని అరెస్టు చేయలేదని అనుకోవద్దు. రాసి పెట్టిన అరెస్టు కన్నా రాయని అరెస్టే ప్రమాదం. వెబ్‌సైట్ ఖాళీగా ఉందంటే వెంటనే కదలాల్సిన సమయం వచ్చిందని అర్థం.

స్టేషనుకు ఇద్దరు కలిసి వెళ్ళండి. "37వ సెక్షను కింద మీ స్టేషన్లో బాధ్యత ఎవరిది?" అని ఆ అధికారి పేరు అడగండి. ఈ ప్రశ్నకు చాలా బలం ఉంది, ఎందుకంటే మీరు దయ అడగడం లేదని అవతలివారికి అర్థమవుతుంది. అరెస్టు మెమో తయారు చేశారా, దాని మీద సాక్షి సంతకం ఎవరిది, బంధువుల్లో ఎవరికి చెప్పారు అని అడగండి. స్త్రీని అరెస్టు చేస్తే సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు తీసుకెళ్ళారా అన్నది తప్పక అడగండి. అసాధారణ పరిస్థితుల్లో తప్ప అలా చేయకూడదు. చేయాల్సి వస్తే మహిళా అధికారి రాతపూర్వకంగా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలి.

జవాబు రాకపోతే జిల్లా ఎస్పీకి లేదా కమిషనరుకు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు, మేజిస్ట్రేటుకు అదే రోజు రాతపూర్వకంగా తెలియజేయండి. సమాచార హక్కు చట్టంలో మనం తరచు మరిచిపోయే ఒక అంశం ఉంది. మనిషి ప్రాణానికి గాని, స్వేచ్ఛకు గాని సంబంధించిన సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలి. 30 రోజులు ఆగనక్కర్లేదు. దరఖాస్తు పైన ఆ మాట స్పష్టంగా రాయండి. చివరికి హైకోర్టులో హెబియస్ కార్పస్ ఉండనే ఉంది.

రెండో ప్రశ్న: నా కేసు ఏమయింది?

దీనికి తాళంచెవి క్రైమ్ నంబరు, అంటే ఎఫ్.ఐ.ఆర్. నంబరు. ఫిర్యాదు ఇచ్చిన స్త్రీకి ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. చాలామంది దగ్గర అది ఉండదు. ఉన్నా మామగారింట్లో బీరువాలో ఉంటుంది. అలాంటప్పుడు పోలీసు వెబ్‌సైట్‌లో జిల్లా, స్టేషను, సంవత్సరం ఇచ్చి వెతకవచ్చు. అయితే లైంగిక నేరాలు, పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద కేసులు, ఉగ్రవాదానికి సంబంధించిన కేసుల వంటి సున్నితమైనవాటి ఎఫ్.ఐ.ఆర్.లు అక్కడ పెట్టరు. బాధితురాలి రక్షణ కోసమే ఆ ఏర్పాటు. అందుచేత అక్కడ కనబడలేదు కాబట్టి కేసే కట్టలేదని బాధిత స్త్రీని కంగారు పెట్టకండి. ఆమెకు, ఆమె న్యాయవాదికి కాపీ పొందే హక్కు ఉంటుంది.

కేసు కోర్టుకు చేరాక ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. ఫోనులో యాప్ కూడా ఉంది. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని ఎఫ్.ఐ.ఆర్. నంబరుతో గాని, కేసు నంబరుతో గాని, పార్టీ పేరుతో గాని వెతకవచ్చు. ప్రతి కేసుకూ సి.ఎన్.ఆర్. నంబరు అనే పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు ఉంటుంది. అది ఒకసారి దొరికితే నోటు పుస్తకంలో రాసిపెట్టండి. తర్వాత వాయిదా ఎప్పుడో, ఏ దశలో ఉందో, ఏ ఉత్తర్వు ఇచ్చారో నేరుగా చూడవచ్చు. స్త్రీలు వాయిదా తేదీ కోసం న్యాయవాది గుమస్తా చుట్టూ తిరిగే అవస్థ దీనితో చాలా తగ్గుతుంది.

పేరుతో వెతికేటప్పుడు ఓపిక కావాలి. మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్క గుమాస్తా ఒక్కో రకంగా రాస్తాడు. లక్ష్మి చివర "ఐ" ఉంటుందో "వై" ఉంటుందో, సరితలో "టి" పక్కన "హెచ్" ఉంటుందో చెప్పలేం. ఇంటిపేరు ముందు రావచ్చు, ఒక్క అక్షరంగా మిగలవచ్చు. పెళ్ళయిన స్త్రీ పుట్టింటి పేరుతో ఒక కేసులో, అత్తింటి పేరుతో మరో కేసులో ఉండవచ్చు. ఒకే పేరుతో పదిమంది కనిపిస్తారు. తండ్రి పేరు, ఊరు, స్టేషను, సంవత్సరం నాలుగూ సరిపోతే తప్ప ఫలానా మనిషి అని చెప్పకండి.

ఇంకా చార్జిషీటు వేయలేదా? దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు లేదా బాధితురాలికి పోలీసులే తెలియజేయాలని కొత్త సంహిత 193వ సెక్షను చెప్తోంది. తెలియజేయకపోతే ఆ సెక్షను ఉదహరిస్తూ ఎస్పీకి రాయండి.

దొరికిన దాన్ని ఎలా చదవాలి?

ఎఫ్.ఐ.ఆర్. అంటే ఒకరు చేసిన ఆరోపణ. అరెస్టు అంటే పోలీసులు చేసిన పని. చార్జిషీటు అంటే దర్యాప్తు అధికారి అభిప్రాయం. మన కోర్టుల్లో పి.ఆర్.సి., సి.సి., ఎస్.సి. అని కనిపించేవి కేసు ఏ కోర్టులో ఏ దశలో ఉందో తెలిపే గుర్తులు. శిక్ష పడ్డాకే నేరస్థుడు అనాలి. అప్పీలు ఉంటే అది కూడా చూడాలి. ఈ మెట్లను కలిపేసి "అతని మీద రికార్డుంది" అని ఒకే మాటతో చెప్పేయడం పెద్ద పొరపాటు.

రెండో వైపు కూడా అంతే జాగ్రత్త అవసరం. అరెస్టు లేకపోతే నేరం జరగలేదని కాదు. వరకట్న వేధింపుల కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయవద్దని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు వచ్చింది. ఏడేళ్ళలోపు శిక్ష పడే నేరాలకు పోలీసులు నోటీసు ఇచ్చి పిలుస్తారు. అందుచేత తీవ్రంగా హింసించిన భర్త పేరు ఏ అరెస్టు జాబితాలోనూ ఉండకపోవచ్చు. 2005 గృహహింస చట్టం కింద రక్షణ కోరుతూ వేసే పిటిషనుకు ఎఫ్.ఐ.ఆర్. అక్కర్లేదు. అది డి.వి.సి. అనే పేరుతో కోర్టులో మాత్రమే కనిపిస్తుంది.

లోక్ అదాలత్‌లో రాజీ అని ముగిసిన కేసులు మరో సంగతి. వరకట్న వేధింపుల కేసును కోర్టు అనుమతితో రాజీ చేసుకునే వీలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే వచ్చింది. పిల్లల ఫీజుల కోసమో, విడాకుల కాగితం కోసమో, పుట్టింటివాళ్ళ ఒత్తిడి వల్లో రాజీపడ్డ స్త్రీలు ఎందరో మనకు తెలుసు. రికార్డులో మిగిలేది రాజీ అన్న ఒక్క మాటే. దాన్ని చూపించి "తప్పుడు కేసు" అని అనేవాళ్ళకు మనం జవాబు చెప్పగలగాలి.

మూడో ప్రశ్న: అమెరికా సంబంధం

ఇక అమెరికా విషయం. అక్కడ అరెస్టు, కోర్టు రికార్డుల్లో చాలా భాగం ఎవరైనా చూడవచ్చు. కాని దేశమంతటికీ కలిపి సామాన్యులు చూడగల ఒకే జాబితా లేదు. ఎఫ్.బి.ఐ. దగ్గరున్న జాతీయ సమాచారం పోలీసులకే పరిమితం. జైలు సమాచారం కౌంటీ షెరీఫ్ దగ్గర, కేసు సమాచారం ఎక్కువగా కౌంటీ కోర్టు దగ్గర ఉంటుంది. టెక్సాస్‌నే తీసుకోండి. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో పట్టణం కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఉంది. ఉద్యోగం అర్వింగ్‌లో అయితే అది డాలస్ కౌంటీ. కాబట్టి అతను ఏయే ఊళ్ళలో ఉన్నాడో, ఏయే సంవత్సరాల్లో ఉన్నాడో ముందు తెలియాలి. టెక్సాస్ ప్రజా భద్రతా శాఖ నేర నిర్ధారణల వివరాలను రుసుము తీసుకుని చూడనిస్తుంది. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. లైంగిక నేరస్థుల జాతీయ వెబ్‌సైట్ ఉచితం. ఫెడరల్ కోర్టు కేసులకు పేసర్ అనే వ్యవస్థ ఉంది. పేజీకి పది సెంట్లు తీసుకుంటారు. మూడు నెలల్లో ముప్పై డాలర్లు దాటకపోతే అదీ కట్టనక్కర్లేదు.

పేరు టైపు చేస్తే "అరెస్టు రికార్డు దొరికింది, డబ్బు కట్టండి" అనే ప్రైవేటు వెబ్‌సైట్లను నమ్మకండి. అవి పాత సమాచారాన్ని, వేర్వేరు మనుషుల వివరాలను కలిపేస్తాయి. అక్కడ అరెస్టయినవారి ఫోటోలు పెట్టి, తీసేయడానికి డబ్బు గుంజే వ్యాపారం కూడా నడిచింది. కాలిఫోర్నియా 2014లో చట్టం చేసి ఆ వసూలును నిషేధించింది. పేదవాడి అరెస్టు ఫోటో సరుకైపోతే ఎలా ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంత వెతికినా ఏమీ దొరకలేదనుకోండి. అది భరోసా కాదు. అక్కడ కూడా పోలీసులను పిలవని భార్యలే ఎక్కువ. పిలిచాక కేసు కొట్టివేస్తే, కోర్టు సీలు చేస్తే రికార్డు కనిపించదు. అమెరికా 2005 నాటి చట్టం ఒకటి, కాబోయే భార్యకు వీసా కోరే పౌరుడి నేర చరిత్రను ఆమెకు తెలియజేయాలని చెప్తుంది. కాని అది పౌరులు పెట్టే కె వీసాలకు వర్తిస్తుంది. హెచ్-1 ఉద్యోగి భార్యగా హెచ్-4 వీసా మీద వెళ్ళే మన అమ్మాయికి ఆ రక్షణ లేదు.

అందుకని నా సలహా ఏమిటంటే, దొంగచాటుగా వెతకడం కన్నా నేరుగా అడగడం మేలు. ఎవరైనా తమ సొంత రికార్డును ఎఫ్.బి.ఐ. నుంచి తెప్పించుకోవచ్చు. "మీది మీరు తెప్పించి చూపించండి" అని పెళ్ళికొడుకును అడగడంలో అమర్యాద ఏమీ లేదు. జాతకాలూ జీతం కాగితాలూ అడిగేవాళ్ళు ఇది అడగడానికి ఎందుకు జంకాలి? అడిగినప్పుడు అతను ఎలా ప్రవర్తించాడన్నది కూడా ఒక సమాచారమే. ఆ అమ్మాయి చేతిలో సొంత పాస్‌పోర్టు, సొంత డబ్బు, అక్కడి స్త్రీల సహాయ సంస్థ ఫోన్ నంబరు ఉండటం ఏ వెతుకులాట కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఎవరి రికార్డు ఎవరి చేతిలో?

రికార్డు అన్నది నిష్పక్షపాతంగా తయారవుతుందనుకోవడం భ్రమ. 1871 నేరస్థ తెగల చట్టం పుట్టుకనే రికార్డుగా మార్చింది. స్టూవర్టుపురం ఎరుకల కుటుంబాలు దాని భారం మోశాయి. చట్టం 1952లో రద్దయినా అనుమానితుల రిజిస్టర్లలో ఆ కులాల పేర్లే ముందుండే అలవాటు పోలేదు. సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడ్డ వర్గాలవారి పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కించవద్దని సుప్రీంకోర్టు 2024 మే నెలలో కూడా చెప్పాల్సి వచ్చింది.

స్త్రీల విషయంలో రికార్డుకు మరో ఉపయోగం ఉంది. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్లో ఒక ముస్లిం స్త్రీపై పోలీసులు అత్యాచారం చేశారు. రిక్షా కార్మికుడైన ఆమె భర్త వాళ్ళ దెబ్బలకు చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. అయినా మొదటినుంచీ పోలీసుల ఎత్తుగడ ఆమెను వ్యభిచారిగా నిలబెట్టడమే. కేసు కర్ణాటకకు బదిలీ అయింది, నిందితులు బయటపడ్డారు. బాధితురాలి శీలాన్ని ప్రశ్నించే వీలును సాక్ష్య చట్టం నుంచి 2002 సవరణలో తీసేశారు. ఇన్నేళ్ళ పోరాటం తర్వాత మనమే ఒక స్త్రీ పేరు టైపు చేసి "ఈమె మీద పాత కేసుందట" అని మాట్లాడుకుంటే ఎక్కడికి వెళ్తున్నట్టు?

అందుకే సంఘాలుగా కొన్ని నియమాలు పెట్టుకుందాం. లైంగిక హింస బాధితురాలి పేరు, గుర్తుపట్టే వివరాలు మన ఫైళ్ళలో గాని, వాట్సాప్ గ్రూపుల్లో గాని తిరగకూడదు. న్యాయ సంహిత 72వ సెక్షను ప్రకారం అది నేరం. లైంగిక వృత్తిలో ఉన్న స్త్రీలను దాడుల్లో పట్టుకున్నప్పుడు వాళ్ళ పేర్లు, ఫోటోలు మీడియాలో రాకూడదని సుప్రీంకోర్టు 2022 మే నెలలో చెప్పింది. వచ్చినచోట మనం ఫిర్యాదు చేయాలి. గృహహింస కేసు వేసిన స్త్రీ పేరు కోర్టు వెబ్‌సైట్‌లో కనిపించి, ఇల్లు అద్దెకు దొరకక, ఉద్యోగం దొరకక ఇబ్బంది పడే అవకాశముంటే, పేరు దాచమని కోర్టును కోరే విషయం ముందే న్యాయవాదితో మాట్లాడాలి. ఎవరి రికార్డు వెతికినా ఎందుకు వెతికామో, ఎవరు అడిగారో రాసి ఉంచాలి. పని అయ్యాక ఆ కాగితాలు భద్రంగా పెట్టాలి లేదా చించేయాలి.

తీరిక ఉంటే బలవంతుల రికార్డులు వెతకండి. అభ్యర్థులు తమపై ఉన్న కేసులను అఫిడవిట్‌లో చెప్పాలని 2002లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అవి ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటాయి. కేసులున్నవాళ్ళను ఎందుకు ఎంచుకున్నారో పార్టీలు తమ వెబ్‌సైట్లలో చెప్పాలని 2020లో మరో ఆదేశం వచ్చింది. స్త్రీలపై నేరాల కేసులున్న అభ్యర్థుల జాబితా ప్రతి నియోజకవర్గంలో మన సంఘం తయారు చేయగలదు. అక్కడ కూడా ఆరోపణను ఆరోపణ అనే చెప్పాలి, శిక్షను శిక్ష అనే చెప్పాలి.

ఇక్కడి నుంచి వెళ్ళాక ఒక పని చేయమని కోరుతున్నాను. మీ మండలంలోని పోలీస్ స్టేషనుకు వెళ్ళి అరెస్టయినవారి వివరాల బోర్డు ఎక్కడుందో చూడండి. బోర్డు ఉందా, దాని మీద చివరి తేదీ ఏది, బాధ్యత గల అధికారి పేరు ఉందా, జిల్లా వెబ్‌సైట్‌లో అదే జాబితా ఉందా అన్న నాలుగు విషయాలు రాసుకుని రండి. వచ్చే సమావేశంలో ఆ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఎన్ని స్టేషన్లలో బోర్డు ఖాళీగా ఉందో ఆ లెక్కతోనే డీజీపీకి మన వినతిపత్రం మొదలు పెడదాం.